బ్రేకు ‘దిగుతోంది’ అనే ఒక్క మాట వెనుక ఎన్ని లోపాలు

విజయనగరంలో మా బాబాయి దగ్గర 1999లో కొన్న చిన్న కారు ఒకటి ఉంది. పోయిన వానాకాలం రాజాం వెళ్లి తిరిగి వస్తుంటే దారిలో రైల్వే గేటు వేశారు. ముందు ఇసుక ట్రాక్టరు, వెనుక బస్సు, రోడ్డు కాస్త పల్లం. బాబాయి బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నారు. రైలు ఇంకా రాలేదు. ఉన్నట్టుండి కారు అడుగు దూరం ముందుకు జరిగింది. ‘నేను కాలు తీయలేదురా, పెడలే కిందికి పోతోంది’ అంటూ హ్యాండ్‌బ్రేకు లాగారు. పెడల్ వదిలి మళ్లీ తొక్కితే ఏమీ జరగనట్టు పైనే గట్టిగా పట్టింది.

తర్వాతి నెలరోజుల్లో ఆ కారు మూడు షెడ్లకు వెళ్లింది. మొదటి మేస్త్రి ‘ఎయిర్ పట్టింది’ అన్నారు, అంటే బ్రేకు పైపుల్లో గాలి చేరిందని. రెండో ఆయన వెనుక చక్రాల షూలు అరిగాయన్నారు. మూడో ఆయన మాస్టర్ సిలిండర్ పోయిందన్నారు. మధ్యలో ఇరుగుపొరుగు వారు ‘పాత బండి కదా, రెండుసార్లు తొక్కితే పడుతుందిలే’ అని సర్దిచెప్పారు. ముగ్గురు మేస్త్రులలో ఎవరూ అబద్ధం చెప్పలేదని నాకు తర్వాత అర్థమైంది. వాళ్లు మూడు వేర్వేరు విషయాల గురించి మాట్లాడారు. వాటన్నిటికీ మనం వాడుతున్న మాట మాత్రం ఒకటే: బ్రేకు దిగుతోంది. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఇరుగుపొరుగు వారి సలహా మాత్రం ప్రమాదకరమైనది. ఎందుకో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

కాలి బరువు చక్రం దాకా ఎలా చేరుతుంది

బ్రేకు పెడల్ నుంచి చక్రం దాకా వెళ్లే తీగ గానీ కడ్డీ గానీ ఉండదు. ద్రవం ఉంటుంది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. పెడల్ ఒక కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ మాస్టర్ సిలిండర్ అనే గొట్టంలోని పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ ముందున్న ద్రవం సన్నని ఉక్కు పైపుల గుండా నాలుగు చక్రాలకూ ఒత్తిడిని చేరవేస్తుంది. ముందు చక్రాల దగ్గర క్యాలిపర్ అనే బిగింపులోని పిస్టన్, ప్యాడ్లనే రాపిడి బిళ్లలను చక్రంతోపాటు తిరిగే డిస్కుకు అదుముతుంది. వెనుక చక్రాల దగ్గర వీల్ సిలిండర్, షూలనే రెండు వంపు పట్టీలను చక్రంతోపాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడకు అదుముతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు సులువుగా ఉండటానికి తీసుకున్నవే అయినా చిన్న కార్లకు దగ్గరగా ఉంటాయి. బూస్టర్ (ఇంజన్ పీల్పును వాడుకుని కాలి బలానికి తోడు చేసే డబ్బా) లేని కారనుకుందాం. డ్రైవరు కాలు 20 కిలోల బరువు మోపింది. పెడల్ ఒక మీట కాబట్టి, దాని నిష్పత్తి 5 అయితే కడ్డీ దగ్గర అది 100 కిలోలవుతుంది. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి ద్రవంలో ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 32 కిలోల ఒత్తిడి. ముందు చక్రం క్యాలిపర్‌లో పిస్టన్ వ్యాసం 50 మిల్లీమీటర్లయితే ప్యాడ్‌ను నెట్టే బలం సుమారు 625 కిలోలు. ఇరవై కిలోలు ఆరువందల పైచిలుకు అయ్యాయి.

ఈ లాభం ఊరికే రాదు. బలం ఎన్ని రెట్లు పెరిగితే కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. పెడల్ 5 సెంటీమీటర్లు దిగితే మాస్టర్ పిస్టన్ కదిలేది 1 సెంటీమీటరు. అది నెట్టే ద్రవం 3 మిల్లీలీటర్ల పైచిలుకు, అంటే చిన్న చెంచాడు కూడా కాదు. మొత్తం బ్రేకు వ్యవస్థ ఆ చెంచాడు ద్రవం మీద నడుస్తోంది. అందులో ఒకటి రెండు మిల్లీలీటర్లు ఎటైనా పోయినా, ఎక్కడైనా కుదించుకుపోయినా, మన పాదానికి అది సెంటీమీటర్లలో తెలుస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా దానంతట అదే విడిపోతుంది.

మెత్తగా, లోతుగా, జారుతూ

పెడల్ చేసే ఫిర్యాదులు ముఖ్యంగా మూడు రకాలు. చెవికి ఒకేలా వినిపించినా పాదానికి వేరుగా తెలుస్తాయి.

మొదటిది మెత్తబడటం. తొక్కితే స్పాంజిని నొక్కినట్టు ఉంటుంది. ఎంత బలంగా తొక్కితే అంత కిందికి వెళ్తుంది గానీ, ఒకేలా తొక్కి పట్టుకుంటే ఒకచోట నిలుస్తుంది. దీనికి తరచుగా కారణం పైపుల్లో చేరిన గాలి. ద్రవం దాదాపు కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. మన లెక్కలోని కారు పైపుల్లో 2 మిల్లీలీటర్ల గాలి ఉందనుకుందాం. 32 కిలోల ఒత్తిడి దగ్గర అది 0.06 మిల్లీలీటర్లకు కుంచించుకుపోతుంది. ఖాళీ అయిన 1.94 మిల్లీలీటర్లను నింపడానికి మాస్టర్ పిస్టన్ 6 మిల్లీమీటర్లు అదనంగా నడవాలి, పెడల్ 3 సెంటీమీటర్లు అదనంగా దిగాలి. పాతబడి ఉబ్బే రబ్బరు గొట్టాలు కూడా ఇలాంటి మెత్తదనాన్నే ఇస్తాయి.

రెండోది లోతుకు వెళ్లడం. పెడల్ చాలా దూరం ఊరికే దిగి, తర్వాత రాయిలా గట్టిగా ఆగుతుంది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే పడుతుంది. వెనుక డ్రమ్ముల్లో షూలు అరిగి, డ్రమ్ముకూ షూకూ మధ్య సందు పెరిగితే ఇలా జరుగుతుంది. ఆ సందును నింపడానికే చెంచాడు ద్రవంలో సగం ఖర్చవుతుంది. మొదటి తొక్కుకు షూలు బయటికి వచ్చి, స్ప్రింగులు వాటిని పూర్తిగా వెనక్కి లాగేలోపు రెండో తొక్కు అందితే పెడల్ ఎత్తులో దొరుకుతుంది. ‘రెండుసార్లు తొక్కితే పడుతుంది’ అనే మాటకు పుట్టుక చాలావరకు ఇదే. చాలా కార్లలో ఈ సందును దానంతట అదే సర్దుకునే ఏర్పాటు ఉంటుంది కానీ, ఏళ్ల తరబడి దుమ్మూ తుప్పూ పట్టాక అది బిగుసుకుపోతుంది.

మూడోది జారడం. పెడల్ మొదట మంచి ఎత్తులోనే, గట్టిగానే పడుతుంది. కాలు అలాగే ఉంచితే మెల్లగా, ఆగకుండా కిందికి దిగుతూ ఉంటుంది. మా బాబాయికి గేటు దగ్గర ఎదురైంది ఇదే. గాలి ఉంటే పెడల్ ఒకచోట నిలవాలి. షూలు అరిగితే చివరికి గట్టిగా ఆగాలి. నిలవకుండా జారుతోందంటే, ఒత్తిడి కింద ఉన్న ద్రవం ఎక్కడో దారి చేసుకుని పోతోందన్నమాట.

ఇవి ఒకదాంతో ఒకటి కలిసి కూడా రావచ్చు. పాత కారులో కలిసి రావడమే మామూలు. బాబాయి కారులో షూలు నిజంగానే అరిగి ఉన్నాయి. రెండో మేస్త్రి వాటిని మార్చాక పెడల్ ఎత్తు బాగుపడింది. జారుడు మాత్రం అలాగే ఉండిపోయింది.

ట్యాంకులో మట్టం చెప్పే సాక్ష్యం

ద్రవం పోతోందని తేలాక, ఎటు పోతోందన్నది తర్వాతి ప్రశ్న. మాస్టర్ సిలిండర్ మీద ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాంకు దీనికి సగం జవాబు ఇస్తుంది.

మట్టం తగ్గుతుంటే లీకు బయటికి ఉంది. చక్రం లోపలివైపు టైరు మీద జిడ్డు తడి కనిపిస్తే ఆ చక్రం వీల్ సిలిండర్‌నో క్యాలిపర్‌నో అనుమానించాలి. పెడల్ పైభాగాన, కాళ్ల దగ్గర పరిచిన మ్యాటు మీద తడి ఉంటే మాస్టర్ సిలిండర్ వెనుక సీలు మీద అనుమానం. ఏసీ నుంచి కారే నీళ్లను చూసి కంగారు పడేవాళ్లున్నారు. బ్రేకు ద్రవం వేళ్ల మధ్య జారుతుంది, త్వరగా ఆరిపోదు, రంగు మీద పడితే పెయింటును లేపేస్తుంది. బూస్టర్ ఉన్న కార్లలో ఇంకొక మోసం ఉంది. వెనుక సీలు నుంచి కారినది బూస్టర్ డబ్బాలోకి చేరి, బయట ఒక్క చుక్క కూడా కనిపించదు. ట్యాంకు మాత్రం ఖాళీ అవుతుంటుంది. అక్కడి నుంచి అది ఇంజన్‌లోకి పీల్చుకుపోతే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ కూడా రావచ్చు.

తీర ప్రాంతంలో దీనికి తోడు పైపుల తుప్పు. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఏళ్లపాటు ఆరుబయట నిలిపిన కార్ల కింద చూస్తే ఉప్పుగాలి చేసిన పని కనిపిస్తుంది. ఉక్కు పైపును బాడీకి బిగించిన క్లిప్పుల దగ్గర తడి, మట్టి నిలిచి తుప్పు మొదలవుతుంది. పైపు పగిలితే పెడల్ జారదు, ఒక్కసారిగా పడిపోతుంది. ఇప్పటి కార్లలో మాస్టర్ సిలిండర్‌లో రెండు పిస్టన్లు, రెండు వేర్వేరు దారులు ఉంటాయి కాబట్టి ఒక దారి పోయినా రెండోది మిగులుతుంది. పెడల్ దాదాపు నేలదాకా వెళ్లి అక్కడ పడుతుంది, కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఒకే దారి ఉన్న చాలా పాత కార్లకు ఆ అదృష్టం లేదు.

ఒక జాగ్రత్త. మట్టం తగ్గిన ప్రతిసారీ లీకు ఉన్నట్టు కాదు. డిస్కు ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్ పిస్టన్లు ముందుకు వచ్చి, వాటి వెనుక ఖాళీలోకి ద్రవం చేరుతుంది. నెలల తరబడి నెమ్మదిగా తగ్గితే అది ప్యాడ్ల అరుగుదల కావచ్చు. వారంలో తగ్గితే ఆ వివరణ చెల్లదు.

మట్టం తగ్గకుండా పెడల్ ఎలా జారుతుంది

అందరినీ తికమక పెట్టేది ఇదే. బాబాయి కారులో ట్యాంకు నిండుగా ఉంది. నాలుగు చక్రాలూ పొడిగా ఉన్నాయి. మొదటి మేస్త్రి ‘లీకు లేదు, ఎయిరే’ అనడానికి కారణం అదే.

మాస్టర్ సిలిండర్ లోపలికి వెళ్లి చూడాలి. పిస్టన్ లోహంది, గొట్టమూ లోహందే. రెంటి మధ్య సందును మూసేది రబ్బరు కప్పు. దాని అంచు గొడుగులా విచ్చుకుని గోడను పట్టుకుని ఉంటుంది. పెడల్ పైన ఉన్నప్పుడు ట్యాంకుకూ గొట్టానికీ మధ్య సన్నని రంధ్రం తెరిచి ఉంటుంది. తొక్కగానే కప్పు ఆ రంధ్రాన్ని దాటి ముందుకు వెళ్తుంది, దారి మూసుకుంటుంది, అక్కడి నుంచి ఒత్తిడి పుడుతుంది. కప్పు అంచు అరిగినా, గట్టిపడి చీరుకున్నా, గోడ మీద గీత పడినా, ముందున్న ద్రవం ఆ సందులోంచి వెనక్కి జారి మళ్లీ ట్యాంకులోకే చేరుతుంది. ఒక్క చుక్క కూడా కారు దాటి పోలేదు. మట్టం ఎందుకు తగ్గుతుంది? దీన్నే లోపలి లీకు అంటారు. షెడ్లలో ‘మాస్టర్ బైపాస్ అవుతోంది’ అనే మాట వినిపిస్తుంది.

మళ్లీ లెక్కకు వద్దాం. కప్పు దగ్గర సెకనుకు 0.1 మిల్లీలీటరు వెనక్కి జారుతోందనుకుందాం. అంటే సుమారు రెండు చుక్కలు. రోడ్డు మీద మామూలుగా బ్రేకు వేసేది మూడు సెకన్లు. ఆ లోపు పోయేది 0.3 మిల్లీలీటరు, పెడల్ దిగేది అర సెంటీమీటరు. ఎవరి పాదమూ దాన్ని గుర్తించదు. గేటు దగ్గర ముప్పై సెకన్లు కాలు ఉంచితే 3 మిల్లీలీటర్లు పోతాయి, పెడల్ 5 సెంటీమీటర్లకు దగ్గరగా దిగుతుంది. లోపం రెండు చోట్లా అదే, సమయమే తేడా. ‘రోడ్డు మీద బాగానే ఆగుతోంది, సిగ్నల్ దగ్గరే దిగుతోంది’ అన్నవారి మాట అక్షరాలా నిజం. అంతమాత్రాన సిగ్నల్ దగ్గరే ప్రమాదం అనుకోకూడదు. ఆ సందు రేపు ఎంత పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇందులో ఇంకొక వింత. బలంగా తొక్కితే నిలిచే పెడల్, మెల్లగా తొక్కితే జారవచ్చు. ద్రవ ఒత్తిడి పెరిగేకొద్దీ కప్పు అంచును గోడకు మరింత అదుముతుంది. ఒత్తిడి తక్కువైతే అంచు వదులుగా ఉండి ద్రవానికి దారి ఇస్తుంది. అందుకే షెడ్డులో ఒక్కసారి దబ్బున తొక్కి ‘బాగానే ఉంది’ అని చెప్పే తీర్పుకు విలువ తక్కువ. అనుభవం ఉన్నవారు రెండు రకాలుగానూ చూస్తారు: ఒకసారి గట్టిగా, ఒకసారి కాలి బరువు మాత్రమే ఆనించి, నిమిషం దాకా కదలకుండా.

‘వదిలి మళ్లీ తొక్కితే పడుతోంది కదా’ అన్న ఓదార్పు ఇక్కడే కూలిపోతుంది. వదలగానే పిస్టన్ వెనక్కి వచ్చి ట్యాంకు నుంచి కొత్తగా ద్రవం తీసుకుంటుంది. మళ్లీ తొక్కితే ఆ చెంచాడుతో ఇంకొకసారి పని జరుగుతుంది. లోపం తగ్గలేదు, లెక్క మొదటి నుంచి మొదలైంది, అంతే. పిల్లవాడు రోడ్డుకు అడ్డం వచ్చినప్పుడు రెండోసారి తొక్కే సమయం ఉండదు.

బూస్టర్ వల్ల కలిగే భ్రమ

జారుడు అనుకుని భయపడేవాటిలో జబ్బు కానిది ఒకటుంది. బూస్టర్ అనేది ఇంజన్ పీల్చే శూన్యాన్ని వాడుకుని కాలి బలానికి తోడు చేసే డబ్బా. ఇంజన్ ఆపి నాలుగైదు సార్లు తొక్కితే అందులో నిల్వ ఉన్న శూన్యం అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగి ఆగుతుంది. అది బూస్టర్ పనిచేస్తోందన్న గుర్తు. దిగకపోతేనే బూస్టర్‌ను అనుమానించాలి. కొత్తగా పాత కారు కొన్నవారు ఈ దిగుడును చూసి మాస్టర్ సిలిండర్ మార్పించుకున్న సందర్భాలున్నాయి.

ఇంజన్ నడుస్తుండగా నిలబెట్టిన కారులో పెడల్‌ను బలమంతా పెట్టి తొక్కితే మెల్లగా ఇంకాస్త దిగడం గురించి మాత్రం మేస్త్రులలోనే రెండు మాటలున్నాయి. రోడ్డు మీద ఎవరూ అంత బలం వాడరని, గొట్టాలు సాగడం వల్ల ఏ కారులోనైనా అంత ఒత్తిడికి కొంత దిగుడు సహజమని ఒక వాదం. బూస్టర్ తోడుతో ఒత్తిడి పెరిగినప్పుడే చిన్న లీకులు బయటపడతాయి, కాబట్టి దాన్ని కొట్టిపారేయకూడదని రెండో వాదం. రెంటిలోనూ నిజముంది. నాకు సమంజసంగా తోచే గీటురాయి ఇది: దిగి ఎక్కడో ఆగితే మొదటి వాదం బలపడుతుంది, ఆగకుండా దిగుతూనే ఉంటే రెండోది. ఇంజన్ ఆపి, శూన్యం ఖాళీ చేశాక కూడా జారితే ఇక వాదనకు చోటు లేదు.

ఘాట్ రోడ్డులో మాయమై తెల్లారేసరికి తిరిగొచ్చే బ్రేకు

మన షెడ్లలో ‘బ్రేక్ ఆయిల్’ అంటాం కానీ అది ఆయిల్ కాదు. ఎక్కువ కార్లలో వాడేది గ్లైకాల్ జాతి ద్రవం. ఈ పేరు వల్ల జరిగిన నష్టం తక్కువేమీ కాదు. ఆయిలే కదా అని ఇంజన్ ఆయిల్‌నో పవర్ స్టీరింగ్ ఆయిల్‌నో పోస్తే, ఈ వ్యవస్థలోని రబ్బరు భాగాలన్నీ ఉబ్బి మెత్తబడి పాడవుతాయి. అలా పాడైన కారుకు ఒక్క సిలిండర్ మార్చి ఊరుకోవడం కుదరదు. రబ్బరు ఉన్న ప్రతి భాగమూ మార్చాల్సి వస్తుంది.

ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బ్రేకు ద్రవాలను డాట్ 3, డాట్ 4 వంటి రకాలుగా అమ్ముతారు. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఈ కనీస హద్దులు 140కీ 155కీ పడిపోతాయి. నాగావళి, వంశధార మధ్య పల్లెల్లో వానాకాలపు తేమ ఎంతో మనకు తెలుసు. మూత సరిగా బిగించని సీసా, పదేళ్లుగా మార్చని ద్రవం ఆ హద్దుకు దగ్గరవుతాయి.

దీని ప్రభావం మైదానంలో కనిపించదు. అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోటకు దిగేటప్పుడో, కొరాపుట్ వైపు నుంచి సాలూరుకు దిగేటప్పుడో కనిపిస్తుంది. గేరు తగ్గించకుండా మలుపు మలుపుకూ బ్రేకు మీదే ఆధారపడితే ప్యాడ్ల వేడి క్యాలిపర్‌లోని ద్రవానికి చేరుతుంది. అందులోని నీరు ఆవిరి బుడగలవుతుంది. ఆవిరి గాలిలాగే కుదించుకుంటుంది. చెంచాడు ద్రవమంతా బుడగలను నొక్కడానికే సరిపోయి పెడల్ నేలకు తగులుతుంది. కిందికి చేరి గంట ఆగితే బుడగలు మళ్లీ నీరై పెడల్ తిరిగొస్తుంది. మర్నాడు షెడ్డులో చూస్తే ఏ లోపమూ దొరకదు. ‘మీ భ్రమ’ అంటారు. భ్రమ కాదు. ఘాట్‌లో పోయి చల్లారాక వచ్చిన పెడల్‌కు మొదటి అనుమానితుడు పాత ద్రవం. దీన్ని ఇంకొకదానితో కలపకూడదు: పెడల్ గట్టిగా, ఎత్తులోనే ఉండి కారు మాత్రం ఆగకపోతే, అది ప్యాడ్ల, షూల మీది రాపిడి పొర (లైనింగ్) వేడెక్కి పట్టు కోల్పోవడం. ద్రవానికి దాంతో సంబంధం లేదు.

తేమ చేసే రెండో పని నెమ్మదైనది. నీరు చేరిన ద్రవం మాస్టర్ సిలిండర్ లోపలి గోడను, వీల్ సిలిండర్లను లోపలి నుంచే తినేస్తుంది. చాలా తయారీ సంస్థలు సుమారు రెండేళ్లకోసారి ద్రవం మార్చమనడానికి ఈ రెండూ కారణాలే.

ఎయిర్ తీయించాక ఎందుకు ముదిరింది

బాబాయి కారు మొదటి షెడ్డు నుంచి వచ్చాక నాలుగు రోజులు పర్వాలేదనిపించి, తర్వాత ఇంకా త్వరగా జారడం మొదలైంది. ‘పాత కారులో ఆయిల్ కదిలించకూడదు, కదిలిస్తే పోతుంది’ అన్న నమ్మకం మన వైపు చాలామందికి ఉంది. అనుభవం నుంచి పుట్టినదే. కారణాన్ని మాత్రం తప్పుగా పట్టుకుంది.

రోజువారీ నడకలో మాస్టర్ పిస్టన్ గొట్టంలో మొదటి సగం దాకానే వెళ్లి వస్తుంది. ఆ భాగం రాపిడికి నున్నగా మెరుస్తుంది. అవతలి సగంలోకి పిస్టన్ ఏళ్ల తరబడి అడుగుపెట్టదు. అక్కడ తేమ, మడ్డి, తుప్పు గరుకుగా పేరుకుంటాయి. ఎయిర్ తీసేటప్పుడు ఒకరు పెడల్‌ను నేలదాకా తొక్కుతారు, ఇంకొకరు చక్రం దగ్గర గాలిని బయటికి వదిలే చిన్న మరను (నిపుల్) వదులు చేస్తారు. ఆ పూర్తి తొక్కుల్లో పాత కప్పు మొదటిసారి ఆ గరుకు భాగం మీద నడిచి అంచు చీరుకుంటుంది. కాబట్టి నేరం కొత్త ద్రవానిది కాదు, మార్చకుండా వదిలేసిన ఏళ్లది, నేలదాకా తొక్కిన తొక్కుది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి నేలదాకా పోకుండా ఆపి ఎయిర్ తీసే మేస్త్రులున్నారు. యంత్రంతో ఒత్తిడి పెట్టి గానీ, చక్రం దగ్గర పీల్చి గానీ తీసే పద్ధతులూ ఉన్నాయి. వాటిలో పెడల్‌ను తొక్కాల్సిన పనే లేదు.

అనుమానాన్ని ఒకచోటికి తేవడం

మూడో షెడ్డు మేస్త్రి సాలూరు లారీ షెడ్లలో పని నేర్చిన పెద్దాయన. ఆయన ఏదీ విప్పకముందే బాబాయిని పక్కన కూర్చోబెట్టి అడిగారు: ‘బాబూ, దిగి ఆగుతోందా, దిగుతూనే ఉందా? ట్యాంకులో ఎప్పుడైనా పోశారా?’ మిగతా ఇద్దరూ అడగని ప్రశ్నలివి.

తర్వాత మాస్టర్ సిలిండర్ నుంచి బయలుదేరే పైపులను విప్పి, ఆ రంధ్రాలకు మరలున్న బిరడాలు బిగించి, లోపల గాలి మిగలకుండా చూశారు. ఇప్పుడు మాస్టర్ సిలిండర్ ఒంటరిది. ద్రవం వెళ్లడానికి దారి లేదు. ఆరోగ్యంగా ఉంటే పెడల్ పైనే రాయిలా నిలవాలి. అప్పుడు కూడా జారితే ద్రవం పోయే చోటు ఒక్కటే, కప్పు వెనక్కి. బిరడాలతో నిలిచి, పైపులు కలిపాక జారితే లోపం అవతల ఉంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లలో ఈ తేడా మరీ ముఖ్యం. వాటిలో ఒత్తిడిని వదిలే చిన్న వాల్వుల్లో ఏదైనా సరిగా మూసుకోకపోతే అచ్చంగా ఇలాగే, మట్టం తగ్గకుండానే పెడల్ జారగలదు. అది తెలియక మాస్టర్ సిలిండర్ రెండుసార్లు మార్చినా ఫలితం ఉండదు.

బిరడాలకు బదులు చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా బిగించి, ఏది బిగిస్తే పెడల్ నిలుస్తుందో చూసే పద్ధతి కూడా ఉంది. త్వరగా తేలుతుంది. దాని మీద అభ్యంతరమూ ఉంది: పాత గొట్టాన్ని నొక్కితే లోపలి పొర చిట్లి, తర్వాత బ్రేకు పట్టేసి వదలకపోవచ్చు. గుండ్రని అంచులున్న ప్రత్యేక క్లాంపుతో చేస్తే ప్రమాదం తక్కువని సమర్థించేవారంటారు. పాతికేళ్ల గొట్టాల విషయంలో నాకు అభ్యంతరమే సబబనిపిస్తుంది.

బిరడాలు బిగించాక బాబాయి కారు పెడల్ నిమిషంలో సగం దూరం జారింది.

కిట్ వేయాలా, కొత్త సిలిండర్ వేయాలా

కప్పులు, స్ప్రింగులు, సీళ్లు కలిపి అమ్మే పొట్లాన్ని కిట్ అంటారు. ఖరీదు కొత్త సిలిండర్‌లో చిన్న వంతు. కిట్ వైపు వాదించేవారి మాటలో బలముంది: పోయింది రబ్బరు అయితే రబ్బరు మారిస్తే చాలు, గొట్టానికేం? పాత పోతఇనుము సిలిండర్లలో సన్నని గీతలను నూరి నునుపు చేసి కిట్ వేయడం దశాబ్దాలుగా నడుస్తున్న పని. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్, అంతకుముందే ఆగిన పద్మిని వంటి కార్లకు మంచి కొత్త సిలిండర్ దొరకడమే కష్టం కాబట్టి వాటి యజమానులకు కిట్టో, గొట్టం లోపల స్లీవ్ అనే కొత్త లోహపు తొడుగు వేయించడమో తప్ప దారి తక్కువ.

కొత్తది వేయాలనేవారి వాదం గొట్టం గోడ మీద ఆధారపడింది. గరుకు గోడ మీద కొత్త కప్పు వేస్తే పాతది ఎలా చీరుకుందో కొత్తదీ అలాగే చీరుకుంటుంది, నెలలు తేడా. తర్వాతి కాలపు సిలిండర్లు చాలావరకు అల్యూమినియంవి. వాటి లోపలి గోడకు గట్టి పూత ఉంటుంది. నూరితే ఆ పూత పోతుంది, మెత్తని లోహం బయటపడి త్వరగా అరుగుతుంది. కాబట్టి వాటిని నూరడం దాదాపు అందరూ వద్దనే పని. కొత్తది వేసినా ఒక చిక్కుంది. బిగించే ముందు బల్ల మీదే ద్రవం నింపి లోపలి గాలి తీయకపోతే పెడల్ మెత్తగా ఉండిపోతుంది, ‘కొత్తదీ చెడిపోయిందే’ అన్న అపవాదు వస్తుంది.

ఇద్దరి వాదాన్నీ తేల్చేది విప్పి చూసిన గోడే. మేస్త్రి సిలిండర్ విప్పి, శుభ్రంగా తుడిచి, టార్చిలైటు పట్టుకుని బాబాయికి చూపించారు. మొదటి సగం అద్దంలా ఉంది. అక్కడి నుంచి గోడ ఒక్కసారిగా మసకబారి, అడుగున మడ్డి గోధుమరంగు ముద్దగా పేరుకుంది. బయటికి తీసిన కప్పు అంచు మీద చిన్న గాటు. ‘సన్నటి పుల్లతో గోడ మీద రాసి చూడండి బాబూ’ అన్నారు మేస్త్రి. నున్నటి భాగం మీద జారిన పుల్ల, మసక మొదలైన చోట గరగరమంటూ ఆగింది. ఇక కిట్ మాట ఎవరూ ఎత్తలేదు.

కొత్త సిలిండర్ వేశారు. ద్రవమంతా మార్చారు. మొన్న దసరాల ముందు రాజాం నుంచి వస్తుంటే అదే గేటు మళ్లీ వేశారు. బాబాయి హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచి, రైలు వెళ్లేదాకా పెడల్ మీద కాలు ఆనించి కూర్చున్నారు. పెడల్ ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది.